రీసెర్చ్ సెంటర్ ఈవెంట్స్ క్యాలెండర్ చేతికొచ్చిందా? దేనికి వెళ్లాలి, ఎలా రెడీ అవ్వాలి, అక్కడ ఏం చెయ్యాలి

బయోమెడికల్ రీసెర్చ్ సెంటర్‌లో చేరిన మొదటి వారంలోనే ఈవెంట్స్ క్యాలెండర్ ఒకటి చేతికొస్తుంది, అది చూస్తే గుండె గుభేల్‌మంటుంది. సోమవారం సెమినార్, మంగళవారం జర్నల్ క్లబ్, బుధవారం ఎవరిదో థీసిస్ డిఫెన్స్, గురువారం రెండు టాక్స్ ఒకే టైమ్‌కి, వచ్చే నెల సింపోజియం, దానికి అబ్‌స్ట్రాక్ట్ (మన పని సారాంశం) పంపే గడువు మాత్రం ఎల్లుండే. నేను కొత్తలో అన్నిటికీ వెళ్లా. నిజంగానే, అన్నిటికీ. మూడు నెలలయ్యాక నోట్‌బుక్ తిరగేస్తే ఏముంది, పేజీకో టైటిల్, దాని కింద రెండు ముక్కలు, ఆ కింద నిద్రలో పెన్ను జారి పడిన గీత, అంతే.

అప్పట్నుంచి పద్ధతి మార్చా. తక్కువ వాటికి వెళ్తా, కానీ వెళ్లేవాటిలో దాదాపు అన్నిటికీ ముందు ఒక ముప్పావుగంట పెడతా. ఈ గైడ్‌లో మిగతాదంతా మర్చిపోయినా ఆ ముప్పావుగంట సంగతి మాత్రం పట్టుకోండి.

స్టెప్ 1: ఏ ఈవెంట్ ఏంటో ముందు తెలుసుకోండి

పేర్లన్నీ ఒకేలా ఉంటాయి గానీ లోపల జరిగేది వేరు. సెమినార్ అంటే మామూలుగా బయటి నుంచి పిలిచిన స్పీకర్, గంట స్లాట్, అందులో ముప్పావుగంట టాక్, మిగతాది ప్రశ్నలు. సింపోజియం అంటే ఒకే టాపిక్ మీద ఒకట్రెండు రోజులు, వరసగా చాలామంది, మధ్యలో పోస్టర్ సెషన్ (పనిని పెద్ద కాగితం మీద బోర్డుకి అంటించి, పక్కన నిలబడి చెప్పడం). వర్క్‌షాప్ అంటే చేత్తో చేసి నేర్చుకునేది, సీట్లు తక్కువ, నోటీసు వచ్చిన రోజే పేరు ఇవ్వకపోతే దొరకదు.

జర్నల్ క్లబ్‌లో ఎవరో ఒకరు పబ్లిష్ అయిన పేపర్ తీసుకుని అందరి ముందు విప్పుతారు. ఇది ఈ మధ్య పుట్టిన పద్ధతేం కాదు, విలియం ఆస్లర్ అనే డాక్టర్ 1875లో కెనడా యూనివర్సిటీ మెక్‌గిల్‌లో మొదలుపెట్టాడని చెప్తారు, కొత్త జర్నల్స్ అందరూ విడివిడిగా కొనుక్కునే స్తోమత లేక. మీరు కొత్తవాళ్లైతే నా సలహా, సెమినార్ల కంటే ముందు జర్నల్ క్లబ్ పట్టుకోండి. పేపర్ ముందే చేతిలో ఉంటుంది, గది చిన్నది, తెలివితక్కువ ప్రశ్న అడిగినా కొంపలేం మునిగిపోవు.

గ్రాండ్ రౌండ్స్ అని కనిపిస్తే అది హాస్పిటల్ వైపు సంప్రదాయం, ఒక కేస్ చుట్టూ తిరుగుతుంది. డాక్టర్లకి చాలాచోట్ల క్రెడిట్స్ (చదువు కొనసాగిస్తున్నట్టు లెక్కకొచ్చే పాయింట్లు) కూడా వస్తాయి కాబట్టి సైన్ చెయ్యడం మర్చిపోవద్దు. అక్కడ ఫోన్ జేబులోంచి తియ్యకండి, స్లైడ్ మీద ఉన్నది ఒక పేషెంట్ వివరాలు.

ఎవరూ పట్టించుకోనివి రెండున్నాయి, నాకు ఎక్కువ ఉపయోగపడినవి కూడా అవే. మొదటిది వర్క్ ఇన్ ప్రోగ్రెస్ మీటింగ్, కొన్ని చోట్ల డేటా క్లబ్ అంటారు. అక్కడ సెంటర్‌లో పక్క ల్యాబ్ వాళ్లు ఇంకా పబ్లిష్ కాని, సగం ఉడికిన డేటా చూపిస్తారు, పనిచెయ్యని యాంటీబాడీ (ఒక ప్రోటీన్‌ని గుర్తుపట్టడానికి వాడే సరుకు) గురించి, ఆర్నెల్లు తినేసిన క్లోనింగ్ (జన్యు ముక్కని కాపీ చేసే పని) గురించి దాచకుండా చెప్తారు, ఇవి ఏ పేపర్లోనూ కనిపించవు. రెండోది థీసిస్ డిఫెన్స్, అంటే పీహెచ్‌డీ పనిని పరీక్షకుల ముందు సమర్థించుకోవడం. ఇది దేశాన్ని బట్టి మారుతుంది, బ్రిటన్‌లో వైవా తలుపులు మూసి చేస్తారు, స్వీడన్‌లో ఆపోనెంట్ అని ప్రశ్నలతో నిలదీసే ఒకర్ని పెట్టి అందరి ముందే చేస్తారు. పబ్లిక్ డిఫెన్స్ అయితే తప్పకుండా వెళ్లండి, నాలుగైదేళ్ల పని గంటలో మొదట్నుంచి చెప్తారు, పైగా పరీక్ష చేసేవాళ్లు ఎక్కడ గట్టిగా పట్టుకుంటారో చూస్తే రేపు మీ థీసిస్‌కి అదే పాఠం.

స్టెప్ 2: నోటీసుని పైనుంచి కిందకి చదవండి

చాలామంది టైటిల్ చూసి "మన సబ్జెక్ట్ కాదులే" అని వదిలేస్తారు. టైటిల్ చూసి భయపడకుండా దాన్ని మూడు ముక్కలు చేసి చూడండి: దేని గురించి, ఏ జబ్బులో లేక ఏ కణజాలంలో, ఏ పద్ధతితో. ఉదాహరణకి నేను కల్పించిన టైటిల్ ఒకటి తీసుకుందాం, "లివర్ ఫైబ్రోసిస్‌లో మాక్రోఫేజ్ వైవిధ్యం: సింగిల్ సెల్ ట్రాన్‌స్క్రిప్టోమిక్స్ చూపిన దారి". ఫైబ్రోసిస్ అంటే కణజాలం మచ్చలా గట్టిపడటం, మాక్రోఫేజ్ అంటే ఒక రకం రోగనిరోధక కణం, చివరిది ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసే పద్ధతి. మీరు పనిచేసేది కిడ్నీ మీద అనుకోండి. లివర్ అన్న మాట దగ్గరే ఆగిపోతే నష్టం మీదే, ఎందుకంటే ఫైబ్రోసిస్ కిడ్నీలోనూ వస్తుంది, మాక్రోఫేజ్‌లు అక్కడా ఉంటాయి, సింగిల్ సెల్ పద్ధతి ఏ అవయవానికైనా అదే. మూడు ముక్కల్లో ఒక్కటి మీ పనికి తగిలినా ఆ టాక్ మీ లిస్టులో ఉండాలి.

తర్వాత హోస్ట్ (స్పీకర్‌ని పిలిచిన ఇక్కడి మనిషి) పేరు చూడండి. ఇది చాలామంది దాటేసే లైను, కానీ స్పీకర్‌ని కలవాలంటే మీకు తలుపు తెరిచేది హోస్టే. ఆ తర్వాత ఈవెంట్ నేరుగానా, ఆన్‌లైనా, రెండూనా అన్నది, రిజిస్ట్రేషన్ కావాలా అన్నది, బయటివాళ్లకి ఎంట్రీ ఉందా అన్నది. సెంటర్‌లో పనిచెయ్యనివాళ్లైతే ఈ చివరిది మరీ ముఖ్యం, చాలా బిల్డింగుల్లో బ్యాడ్జ్ లేకపోతే గేటు దాటనివ్వరు. ముందురోజు కోఆర్డినేటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి, లిస్టులో పేరు ఉంచుతారు.

స్టెప్ 3: ఏరెయ్యండి

గంట టాక్ గంటలో అవ్వదు. ముందు తయారీ, వెళ్లడం, రావడం, మళ్లీ పనిలో మనసు పెట్టడం, అన్నీ కలిపితే రెండున్నర గంటలు లేచిపోతాయి. అందుకే వారానికి ఒకటి, గట్టిగా అంటే రెండు. నా లెక్క ఏంటంటే మూడు టాక్స్ నా పనికి దగ్గరవైతే ఒకటి బొత్తిగా సంబంధం లేనిది పెట్టుకుంటా. ఆ సంబంధం లేనిదానికి తయారీ అక్కర్లేదు, ఊరికే వినడానికే, అయినా నా అసే (ల్యాబ్ పరీక్ష) ఒకటి బాగుపడింది అలాంటి టాక్‌లో చూసిన కంట్రోల్ (పోల్చడానికి పెట్టే శాంపిల్) వల్లే.

పెద్ద పేరున్న స్పీకర్ కదా అని వెళ్లడం మాత్రం మానేశా. బాగా పేరున్నవాళ్లు చాలాసార్లు పదేళ్ల పనిని ముప్పావుగంటలో పరిగెత్తిస్తారు, వినడానికి బావుంటుంది, చేతికి ఏమీ అంటదు. కొత్తగా ల్యాబ్ పెట్టినవాళ్ల టాక్‌లో ఎక్కువ సరుకుంటుంది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు చాలామందే ఉన్నారు.

స్టెప్ 4: టైమ్ జోన్, గడువులు

ఇక్కడ నేను దెబ్బతిన్నా కాబట్టి కొంచెం సాగదీస్తా. వేరే ఖండంలోని ఒక సెంటర్ పెట్టిన ఆన్‌లైన్ టాక్ కోసం నెల ముందే రాసుకుని, ప్రశ్న కూడా రెడీ చేసుకుని, టైమ్‌కి లింక్ నొక్కితే అప్పటికి వాళ్లు థాంక్యూలు చెప్పుకుంటున్నారు. మార్చి నెల అది. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకి జరుగుతాయి, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, ఈ మధ్యలో రెండు మూడు వారాలు ఇద్దరి మధ్య ఎప్పుడూ ఉండే తేడా ఉండదు, గంట తగ్గుతుంది. శరదృతువులో కూడా ఒక వారం ఇదే గోల, యూరప్ అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి వస్తుంది, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం. గడియారం అసలు మార్చని దేశాల్లో ఉన్నవాళ్లకి రెండు వైపులా దెబ్బే. కాబట్టి మనసులో లెక్కలు కట్టొద్దు. నోటీసులో క్యాలెండర్ ఫైల్ ఇస్తే, ఐసీఎస్ అని ఉంటుంది, దాన్నే నొక్కి చేర్చుకోండి, జోన్ సంగతి అదే చూసుకుంటుంది. ఫైల్ లేకపోతే యూటీసీలోకి (ప్రపంచమంతా ఒకే లెక్కగా వాడే టైమ్) మార్చి రాసుకోండి.

గడువు పక్కన "ఎనీవేర్ ఆన్ ఎర్త్" అని రాసుంటే కంగారు పడకండి, అది మీకు లాభమే. యూటీసీకి 12 గంటలు వెనక ఉన్న జోన్‌లో ఆ తేదీ అయిపోయేదాకా టైమ్ ఉందని అర్థం.

క్యాలెండర్‌లో ఈవెంట్ ఒక్కటే పెడితే సరిపోదు. సింపోజియంకి కనీసం మూడు తేదీలు ఉంటాయి, అబ్‌స్ట్రాక్ట్ గడువు, తక్కువ ఫీజు గడువు, ట్రావెల్ గ్రాంట్ గడువు, ఈ మూడోది తరచుగా అన్నిటికంటే ముందొస్తుంది, దాన్ని మిస్సయ్యేవాళ్లే ఎక్కువ. ఒక్కో గడువుకి పది రోజుల ముందు అలారం పెట్టుకోండి, ఎందుకంటే అబ్‌స్ట్రాక్ట్ పంపాలంటే మీ గైడ్ చదవాలి, ఆయన చదవడానికి వారం పడుతుంది, ఆయన ఊళ్లో ఉంటేనే.

స్టెప్ 5: ఆ ముప్పావుగంట

టాక్ ముందురోజు కూర్చోండి. స్పీకర్ పేరు పబ్‌మెడ్‌లో (పేపర్లు వెతికే సైట్) వెయ్యండి. పేపర్లు వందల్లో వస్తే బెదిరిపోవద్దు, బయోమెడికల్ పేపర్లలో ల్యాబ్ పెద్ద పేరు మామూలుగా చివర్న ఉంటుంది కాబట్టి వాళ్ల పేరు చివర్న ఉన్నవే ఏరండి, గత రెండేళ్లవి. అదే పేరుతో ఇంకెవరో ఉంటే ఆర్కిడ్ నంబర్ (ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే విడి గుర్తింపు) చూస్తే తేలిపోతుంది. తర్వాత బయోఆర్కైవ్‌లో వెతకండి, క్లినికల్ పని అయితే మెడ్‌ఆర్కైవ్‌లో. టాక్‌లో చెప్పబోయేది చాలాసార్లు అక్కడ ప్రిప్రింట్‌గా (జర్నల్లో రాకముందు పెట్టే పేపర్) ముందే పడి ఉంటుంది.

పేపర్ మొత్తం చదవొద్దు. అబ్‌స్ట్రాక్ట్ చదివి నేరుగా మొదటి ఫిగర్‌కి వెళ్లండి, దాని కింద రాసింది అక్షరం వదలకుండా చదవండి. ఆ ఫిగర్ అర్థమైతే టాక్‌లో మొదటి పదిహేను నిమిషాలు మీకు తెలిసినవే, మొదటి పదిహేను నిమిషాల్లో దారి తప్పనివాళ్లు ఆఖరిదాకా నిలబడతారు. తెలియని పదాలు ఐదారు కాగితం మీద రాసుకుని ఒక్కోదానికి ఒక్క లైను అర్థం పెట్టుకోండి. చివర్లో ఒక ప్రశ్న రాయండి. ఆ ప్రశ్నకి జవాబు టాక్‌లోనే వచ్చేస్తే ఇంకా మంచిది, వచ్చిందంటే మీరు సరైన చోటే ఆలోచించారు.

స్టెప్ 6: హాల్లో కూర్చున్నాక

ముందు నుంచి మూడో నాలుగో వరస, పక్క సీటు. స్క్రీన్ మీద అక్షరాలు కనిపిస్తాయి, మైక్ అందుతుంది, తప్పనిసరైతే లేచి వెళ్లిపోవచ్చు.

స్లైడ్‌లో ఉన్నదంతా రాసుకోకండి. గ్రాఫ్ వచ్చిన ప్రతిసారీ నేను చూసేవి కొన్ని ఉన్నాయి: ఎక్సిస్ సున్నా దగ్గర మొదలైందా, కంట్రోల్ ఏది, ఎర్రర్ బార్ (విలువ ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చూపే గీత) అంటే ఏంటి, ఎన్ (శాంపిళ్ల సంఖ్య) అంటే వేటిని లెక్కపెట్టారు. ఈ ఆఖరి రెండింటి దగ్గరే అసలు కథ ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. మూడు ఎలుకలు, ఒక్కో ఎలుక నుంచి వంద కణాలు కొలిచారు అనుకోండి, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 20. సగటు ఎంత నమ్మదగ్గదో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ అంటే దాన్ని ఎన్ వర్గమూలంతో భాగించడమే. ఎన్ 300 అని వేస్తే 1.15 వస్తుంది, గ్రాఫ్ మీద బార్ వెంట్రుకంత, పక్క గ్రూప్‌తో తేడా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కానీ ఒకే ఎలుకలోని వంద కణాలు వంద వేర్వేరు సాక్ష్యాలు కావు కదా, మందు వేసింది ఎలుకకి, కణానికి కాదు, కాబట్టి ఎన్ మూడే. ఎలుకల సగటుల మధ్య కూడా తేడా అంతే ఉందనుకుంటే ఇప్పుడు స్టాండర్డ్ ఎర్రర్ 11.5, అంటే పదింతలు, అందాకా మెరిసిన తేడా అందులో మునిగిపోవచ్చు. దీన్ని సూడోరెప్లికేషన్ అంటారు, మంచి మంచి చోట్ల కూడా కనిపిస్తుంది. అందుకే స్లైడ్ మూలన చిన్న అక్షరాల్లో ఎన్ ఎంతని ఉంటే, అది ఎలుకలా కణాలా అన్నది వెంటనే వెతకండి, అక్కడ రాయకపోతే మీ ప్రశ్న దొరికినట్టే.

ఫోటోలు తీసే ముందు రూల్ చూడండి. స్లైడ్ మీద కెమెరా బొమ్మకి అడ్డంగా గీత ఉంటే తియ్యొద్దనే. గోర్డన్ రీసెర్చ్ కాన్ఫరెన్సుల్లో అయితే ఫోటోలూ రికార్డింగూ పూర్తిగా నిషేధం, అక్కడ విన్నది బయట వాడాలన్నా చెప్పినవాళ్ల అనుమతి కావాలి, పబ్లిష్ కానిది ధైర్యంగా చూపించడానికే ఆ ఏర్పాటు.

స్టెప్ 7: ప్రశ్న అడగండి

అందరికీ గుండె దడే, ప్రొఫెసర్లకి కూడా. 2018లో వచ్చిన ఒక స్టడీలో పది దేశాల్లో దాదాపు 250 సెమినార్లు గమనించారు. ఆడవాళ్లు హాల్లో ఉన్న సంఖ్యతో పోలిస్తే తక్కువ ప్రశ్నలు అడుగుతున్నారని, మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగిన చోట అది ఇంకా తగ్గుతోందని తేలింది. మీరు సెషన్ నడిపేవాళ్లైతే మొదటి అవకాశం ఎవరికిస్తున్నారో కాస్త చూసుకోండి, కొన్ని చోట్ల మొదటి ప్రశ్న స్టూడెంట్‌కే అని రూల్ కూడా పెట్టేశారు.

ప్రశ్న ఇరవై సెకన్లు దాటకూడదు. పేరు, ల్యాబ్, ఏ స్లైడ్, ఏం తెలియాలి, అంతే. "చాలా అద్భుతమైన టాక్, నాకు ఒక కామెంట్, రెండు ప్రశ్నలు" అని మొదలుపెట్టి మూడు నిమిషాలు సొంత పని గురించి చెప్పే పెద్దమనిషి ప్రతి హాల్లోనూ ఉంటాడు, ఆయన వారసులు అవ్వకండి. "మూడో గ్రాఫ్‌లో ఎన్ అంటే ఎలుకలా కణాలా?" ఇది నాలుగు సెకన్ల ప్రశ్న, హాలంతా తల తిప్పి చూస్తుంది. గొంతు మాత్రం మెత్తగా ఉంచండి, పట్టేశాం అన్నట్టు అడిగితే ఆ తర్వాత మీతో ఎవరూ డేటా చెప్పరు.

స్టెప్ 8: టాక్ అయ్యాక వెళ్లిపోకండి

చాలాచోట్ల బయటి స్పీకర్‌తో స్టూడెంట్లకి, పోస్ట్‌డాక్‌లకి (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాళ్లు) విడిగా ఒక గంట పెడతారు. సైన్‌అప్ షీట్ సగం ఖాళీగా పోతుంది, అందరూ ఇంకొకళ్లు వెళ్తార్లే అనుకుంటారు. పేరు రాసెయ్యండి. అక్కడ టాక్ గురించే అడగక్కర్లేదు, ఏ ప్రయోగం పారేశారు, ఎందుకు పారేశారు అని అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి.

బయట తిరుగుతూ మాట్లాడుకున్నదే ఎక్కువ పనికొచ్చిన సందర్భాలు సైన్స్‌లో ఉన్నాయి. జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పాంటియే మొదటిసారి కలిసింది 2011లో, ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌లో, ఒక మైక్రోబయాలజీ మీటింగ్‌లో. పాత ఊరి వీధుల్లో నడుస్తూ కలిసి పనిచేద్దాం అనుకున్నారు, జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతి పేపర్ 2012లో వచ్చింది, కెమిస్ట్రీ నోబెల్ 2020లో. మనం కలిసినవాళ్లు అందరూ అలా అవ్వరు గానీ, ఒక ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్‌ఏ) అడిగి తెచ్చుకోవడానికైనా పనికొస్తారు.

స్టెప్ 9: మీరే చూపించాల్సి వస్తే

అబ్‌స్ట్రాక్ట్‌లో "ఫలితాలు చర్చిస్తాం" అని రాయకండి, ఫలితం లేదని అందరికీ తెలిసిపోతుంది. ఒక్క నంబరైనా పెట్టండి.

పోస్టర్ అయితే డిజైన్ మొదలుపెట్టే ముందే బోర్డు నిలువా అడ్డమా అని అడగండి. ఏ-జీరో అంటే 841 బై 1189 మిల్లీమీటర్లు, అడ్డంగా చేసుకెళ్తే నిలువు బోర్డుకి రెండు వైపులా చెవుల్లా వేలాడుతుంది. అక్షరాల సైజుకి సులువైన టెస్ట్ ఒకటుంది, పోస్టర్ మొత్తాన్ని ఏ-ఫోర్ కాగితం మీద ప్రింట్ తియ్యండి. ఏ-జీరో నుంచి ఏ-ఫోర్‌కి వస్తే పొడవూ వెడల్పూ నాలుగో వంతు అవుతాయి, 24 పాయింట్ అక్షరం 6 పాయింట్ అవుతుంది. చేతిలో పట్టుకుని చదవగలిగితే అక్కడా చదవగలరు. 2019లో మైక్ మారిసన్ అనే ఆయన మధ్యలో ఒకే ఒక్క పెద్ద వాక్యం పెట్టే డిజైన్ ప్రచారం చేశాడు, నాకు మొత్తం నచ్చదు, ఫిగర్లకి చోటు మిగలదు, కానీ ఆ పెద్ద వాక్యం అన్న ఐడియా మాత్రం తీసుకోండి.

పేటెంట్ ఆలోచన ఏమైనా ఉంటే పోస్టర్ పెట్టక ముందే, అబ్‌స్ట్రాక్ట్ పంపక ముందే మీ టెక్ ట్రాన్స్‌ఫర్ వాళ్లతో (సెంటర్‌లో పేటెంట్ల సంగతి చూసేవాళ్లు) మాట్లాడండి. యూరప్‌లో అప్లికేషన్ వెయ్యక ముందే బహిరంగంగా చూపిస్తే కొత్తదనం పోయినట్టే లెక్క, అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది గానీ దాని మీద ఆధారపడటం మంచిది కాదు.

స్టెప్ 10: పొగడ్తల మెయిళ్లు

ఒక పేపర్ బయటికొచ్చిందో లేదో "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ, మీ అద్భుత పరిశోధన చూసి" అంటూ ఆహ్వానాలు మొదలవుతాయి. మీరింకా స్టూడెంటే. ఒకే మీటింగ్‌లో డెంటిస్ట్రీ, నానోటెక్నాలజీ, వ్యవసాయం కలిపి ఉంటే, అబ్‌స్ట్రాక్ట్ పంపిన గంటలో ఆమోదం వస్తే, ముందు డబ్బు కట్టమంటే, డిలీట్. అనుమానం ఉంటే కమిటీలో ఉన్నారని వేసిన ఒకళ్లిద్దరికి మెయిల్ పెట్టి అడగండి, వాళ్ల పేరు అక్కడ ఉందన్న సంగతి వాళ్లకే తెలీకపోవచ్చు.

స్టెప్ 11: అదే సాయంత్రం

పావుగంట. నోట్సులో మూడు లైన్లు రాయండి, వాళ్లు ఏం చూపించారు, నాకు ఎక్కడ నమ్మకం కుదర్లేదు, రేపు ల్యాబ్‌లో నేను ఏం మార్చాలి. మూడోది ఖాళీగా ఉంటే ఉండనివ్వండి, బలవంతంగా నింపొద్దు. ఫైల్ పేరులో తేదీ, స్పీకర్ ఇంటిపేరు పెట్టండి, ఏడాది తర్వాత వెతుక్కోవడానికి.

స్పీకర్‌తో మాట్లాడి ఉంటే రెండు రోజుల్లోపు మెయిల్ పెట్టండి, ఐదు లైన్లు దాటకుండా. "మంగళవారం టాక్ తర్వాత తలుపు దగ్గర మాక్రోఫేజ్ స్టెయినింగ్ గురించి అడిగింది నేనే. ఆ యాంటీబాడీ కేటలాగ్ నంబర్ పంపుతానన్నారు" అని నేరుగా రాయండి. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచెయ్యండి, అప్పటికీ రాకపోతే వాళ్ల పేపర్‌లో మొదటి పేరున్న స్టూడెంట్‌కి రాయండి, యాంటీబాడీ సీసా మీది నంబరు చూసి చెప్పగలిగేది ఎలాగూ వాళ్లే.